పదహారు తలలకు ఒకే బొమ్మ

"తలుపు తీసింది ఎన్నింటికి?"

హెడ్ కానిస్టేబులు పగలగొట్టిన లక్క సీలు ముక్కల్ని అరచేతిలో పట్టుకుని, ఎక్కడ పడేయాలో తెలియక నిలబడ్డాడు. "ఇప్పుడేగా అమ్మా, మీ కళ్లెదురుగానేగా తీశాను!"

"ఇప్పుడంటే?"

"ఒంటిగంటా నలభై రెండు."

"రాసుకోండి. మేజిస్ట్రేటుగారు నాకిచ్చింది గంట. రెండూ నలభై రెండుకి నేనే బయటికొచ్చేస్తాను. మీరెవరూ గెంటక్కర్లేదు."

పోలీసు రికార్డు గదిలో ఇరవై ఆరేళ్లు వాంగ్మూలాలు టైపు చేసి రిటైరయిన మనిషి ఆవిడ. 'ఎన్నింటికి?' అని అడక్కుండా ఒక్క వాక్యం కూడా టైపు చేసేది కాదని స్టేషన్ వాళ్లు గడియారమ్మ అని పేరు పెట్టారు. మొదట చాటుగా పిలిచేవారు, తర్వాత మొహం మీదే పిలిచారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోకుండా ప్రైవేటు డిటెక్టివ్ లైసెన్సు తెచ్చుకుంది. ఆ లైసెన్సు చూసి ఒళ్లు మండినవాళ్లలో మొదటివాడు ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. ఆయన ఆవిడ ఒక్కగానొక్క కూతురి మొగుడు కూడా.

కేసు చూడటానికి తేలిక. మంగళవారం మధ్యాహ్నం ఇనుము ఫ్యాక్టరీలోని ఈ రెండో అంతస్తు స్కానింగ్ గదిలో డాక్టరమ్మని ఎవరో వెనకనుంచి తలమీద కొట్టి చంపారు. గోడకి తగిలించిన, మంటలార్పే ఎర్ర సిలిండరుతోనే కొట్టారు. ఒంటిగంటా పదికి శవాన్ని చూసి కేక పెట్టింది టెక్నీషియను. ఒంటిగంటా ఇరవై అయిదుకి ఫ్యాక్టరీ గేటు దగ్గర పట్టుబడ్డాడు, ఆ రోజు చివరగా పరీక్షకి వచ్చిన వెల్డరు. ఇవాళ గురువారం, సాయంత్రం నాలుగింటికి అతన్ని కోర్టులో నిలబెడతారు. అతను నేరం ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం ఈపాటికే సిద్ధంగా ఉంది, సంతకం ఒక్కటే బాకీ. నిన్న వెల్డరు భార్య వచ్చి గడియారమ్మ గుమ్మంలో కూర్చుని, "మా ఆయన గట్టిగా మాట్లాడలేడమ్మా, మీరు మాట్లాడండి" అంది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేకపోయింది.

గడియారమ్మ ముందు గోడ గడియారం, తర్వాత స్కానింగ్ యంత్రం తెరమీది టైము, తర్వాత తన చేతి గడియారం చూసింది. మూడూ ఒక్క నిమిషం తేడాలో ఉన్నాయి. అప్పుడు టెక్నీషియను వైపు తిరిగింది. పాతికేళ్లుంటాయి. రెండ్రోజులుగా నిద్రలేనట్టు కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మంగళవారం భోజనానికి ఎన్నింటికి దిగావు?"

"పన్నెండూ ముప్పై అయిదుకి మేడమ్."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"వెల్డరు పన్నెండున్నరకి వచ్చాడు. పేరు, నంబరు ఎక్కించి, మంచం మీద కాగితం మార్చి దిగాను. నలభై ఎనిమిదిమందిలో చివరి మనిషి. ఇతన్ని అయిపోగొట్టి తింటాను, నువ్వెళ్లు అన్నారు డాక్టరమ్మ." ఆ పిల్ల చున్నీతో కళ్లు తుడుచుకుంది. "ఆవిడ క్యారేజీ ఇప్పటికీ కింద ఫ్రిజ్‌లోనే ఉంది మేడమ్. ఎవరూ తియ్యలేదు."

ఓదార్చడం గడియారమ్మకి చేతకాని పని. మళ్లీ అడగడం మొదలుపెట్టింది.

"మామూలు రోజుల్లో ఆ వేళకి ఈ గదిలో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా తాళం వేసేస్తాం."

"తాళంచెవులు?"

"డాక్టరమ్మ దగ్గరొకటి, నా దగ్గరొకటి, కింద ఆఫీసులో ఒకటి."

"ఆఫీసుది ఎవరైనా తీసుకోవచ్చా?"

"మేనేజరుగారు, ఫ్యాక్టరీ డాక్టరుగారు, వాళ్లిద్దరే."

ఫ్యాక్టరీ డాక్టరంటే కింద డిస్పెన్సరీ నడిపే పెద్దాయన. కార్మికులకి జ్వరం మాత్రలు, సెలవు చీటీలు ఇచ్చేది ఆయనే. మెదళ్ల పరీక్ష మాత్రం డాక్టరమ్మ సొంత పరిశోధన. కొలిమిలో ఇనుముతోపాటు మాంగనీసు కూడా కరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ పొగ పీల్చినవాళ్ల మెదడులో లోహం పేరుకుంటోందా అన్నది ఆవిడ ప్రశ్న. కడుపులో బిడ్డని చూసే అల్ట్రాసౌండు యంత్రాన్నే కణతమీద పెట్టి, చెవికి వినపడని శబ్దాన్ని పుర్రెలోకి పంపేది. లోహం పేరుకున్నచోట శబ్దం గట్టిగా వెనక్కి కొట్టి, తెరమీద తెల్లమచ్చ పడుతుంది.

పోలీసులు కంప్యూటర్లోంచి తీసిన రిపోర్టులో ఒక్క తెల్లమచ్చ కూడా లేదు. నలభై ఎనిమిదిమందీ శుభ్రంగా ఉన్నారు. అల్లుడు కట్టిన కథంతా దానిమీదే నిలబడింది. చేతులు వణుకుతున్నాయి, కొలిమి దగ్గర్నుంచి వేరే పనికి మార్చండని వెల్డరు ఏడాదిగా కాళ్లావేళ్లా పడుతున్నాడు. పరీక్షలో ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పేసరికి ఉక్రోషం పట్టలేక కొట్టి చంపాడు. అదీ కథ.

ఇవాళ పొద్దున్న పదీ పదికి గడియారమ్మ లాకప్పులో ఆ మనిషిని చూసింది. మొహంలో ఏ కదలికా లేదు. రెప్పకూడా అరుదుగా వేస్తున్నాడు. 'మొండివాడు, అడిగినదానికి జవాబు చెప్పడు' అని అల్లుడు ఫైల్లో రాశాడు. చెప్పకేం? చెబుతున్నాడు. చెవి తీసుకెళ్లి అతని నోటిదగ్గర పెడితే వినపడుతుంది. పెట్టడానికి ఆ స్టేషన్లో ఎవరికీ తీరిక లేకపోయింది. ఆవిడ పెట్టింది. "టెస్టు... అవలేదు" అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే పది నిమిషాలు అయిపోయాయని బయటికి పంపేశారు. ఆవిడ ఆ వణికే చేతులు చూసింది. ఇతనికి డాక్టర్ని పిలిపించేదాకా కదలనని వరండాలో బైఠాయించి, స్టేషనంతా ఎగిరిపడేలా గొడవ చేసి, అల్లుడితో సరేననిపించుకునే వచ్చింది.

ఆవిడ సంచిలోంచి పంచనామా కాగితాల నకలు తీసింది. "ఇది విను. 'ముద్దాయి కుడి కణతమీద, కుడి చెవిపైన, తడి ఆరని జిగట పదార్థం కనిపించినది.' ఏమిటా జిగట?"

"జెల్ మేడమ్. కణతమీద ఆనించే ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య గాలి లేకుండా రాస్తాం. కానీ..." టెక్నీషియను కాగితం లాక్కున్నంత పని చేసింది. "కుడివైపు మాత్రమేనా?"

"అలాగే రాశారు."

"డాక్టరమ్మ జెల్ తుడవకుండా ఎవర్నీ మంచం దిగనివ్వరు! ముందు కుడివైపు చూస్తారు. తర్వాత ఎడమవైపు. రెండూ అయ్యాక ఆవిడే తన చేత్తో శుభ్రంగా తుడుస్తారు. నేను తుడుస్తానన్నా ఒప్పుకోరు. కొలిమి దగ్గర కాలిపోయిన చర్మాలు, నువ్వు గట్టిగా రుద్దేస్తావు అనేవారు."

"అంటే కుడివైపు అయింది, ఎడమవైపు మొదలవలేదు. మధ్యలో ఎవరో వచ్చారు. డాక్టరమ్మ ఇతన్ని కాసేపు బయట కూర్చోమని ఉంటుంది. మరి కంప్యూటర్లో ఇతని బొమ్మలు ఎన్నున్నాయో చూడు."

టెక్నీషియను కీలు నొక్కింది. నలభై ఎనిమిదో నంబరు తెరమీదికొచ్చింది. కుడివైపుది ఒకటి, ఎడమవైపుది ఒకటి. రెండూ అద్దంలా స్పష్టంగా ఉన్నాయి.

చూడని ఎడమవైపుకి బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలిగిన మనిషి చచ్చిపోయింది.

"మిగతావి కూడా తియ్యి," అంది గడియారమ్మ. "నలభై ఎనిమిదీ శుభ్రంగా ఉన్నాయని పోలీసుల రిపోర్టు."

"నలభై ఎనిమిదికి నలభై ఎనిమిదా?" టెక్నీషియను కుర్చీలోంచి లేచిపోయింది. "అదెలా కుదురుతుంది మేడమ్? మచ్చల సంగతి అటుంచండి, అందరికీ అసలు బొమ్మే రాదు కదా!"

"రాదా?"

"కణత దగ్గర ఎముక పలచగా ఉంటేనే శబ్దం లోపలికి పోతుంది. దాన్ని కిటికీ అంటాం. కొంతమందికి అక్కడ ఎముక మందం. ఎంత జెల్ పూసినా, ఎంత నొక్కినా లోపలేమీ కనపడదు. మేఘం పట్టినట్టుంటుంది. మావాళ్లలో అలాంటివాళ్లు ఏడుగురు. 'కిటికీ మూసింది' అని డాక్టరమ్మ నోటుబుక్కులో రాసుకునేవారు."

"ఆ నోటుబుక్కు?"

"కనపడటంలేదు."

"ఇదంతా పోలీసులకి చెప్పలేదేం?"

"వాళ్లు అడిగింది ఒక్కటే మేడమ్. వెల్డరుని చూశావా లేదా అని. ఆ రిపోర్టు నాకెవరూ చూపించలేదు."

గడియారమ్మ చెప్పులు విప్పి మంచమెక్కింది. "ఏదీ, నాకు చూడు. విన్నమాట నేను టైపు చేస్తాను గానీ, నమ్మడానికి నాకు కళ్లు కావాలి."

చల్లటి జెల్ కణతమీద పడింది. అదే క్షణంలో గుమ్మంలో బూట్ల చప్పుడైంది.

"నిద్రపోతున్నారా అత్తయ్యగారూ?"

ఇన్‌స్పెక్టరు అల్లుడు టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. టైము రెండూ ఎనిమిది. గడియారమ్మ లేవలేదు. అల్లుడి ముందు పడుకోవడం మర్యాద కాదని తెలుసు. కానీ లేస్తే ఒక నిమిషం పోతుందని ఇంకా బాగా తెలుసు.

"రండి బాబూ. కూర్చోండి."

"సాక్ష్యంగా సీలు వేసిన మిషను మీద పడుకుని తలకి నూనె రాయించుకుంటున్నారు. దీనికి మేజిస్ట్రేటు ఆర్డరుందా?"

"రెండో పేజీ, మూడో లైను. 'టెక్నీషియను సమక్షంలో యంత్రమును నడిపి చూడవచ్చును.' చదువుకోండి బాబూ. చదివే పని ఒక్కటీ మీరు ఇన్నాళ్లూ నాకే వదిలేశారు."

కోపం పెరిగేకొద్దీ ఆవిడ నోట 'బాబూ' ఎక్కువవుతుంది. ఈ సంగతి అల్లుడికి పెళ్లైన మొదటి వారంలోనే తెలిసింది. ఆయన పళ్లు బిగించి ఆర్డరు చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అది నా కాపీ," అంది ఆవిడ. అల్లుడు ఇవ్వలేదు.

టెక్నీషియను ప్రోబ్‌ని కణతమీద అటూ ఇటూ వంచి చూసింది. తెరమీద బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. "రావడంలేదు మేడమ్. మీ కిటికీ కూడా మూసుంది. పుర్రె బాగా మందం."

"అది నాకు పెళ్లినాటి నుంచే తెలుసు," అన్నాడు అల్లుడు.

గుమ్మంలో హెడ్ కానిస్టేబులు నవ్వబోయి దగ్గేశాడు. గడియారమ్మ లేచి కూర్చుని, తల తుడుచుకుంటూ, జరిగింది మూడు ముక్కల్లో చెప్పింది. ఒకవైపే జెల్, రెండువైపులా బొమ్మలు. ఏడుగురికి రాకూడని బొమ్మలు వచ్చాయి. నోటుబుక్కు మాయం.

అల్లుడు చెవికెక్కించుకోలేదు. "ఒకవైపు జెల్ ఆరిపోయి ఉంటుంది. ఏడుగురి సంగతి ఈ పిల్ల తప్పుగా గుర్తుపెట్టుకుని ఉంటుంది. అత్తయ్యగారూ, ఇంట్లో మీరేం చెప్పినా తలూపుతున్నాను. మీ అమ్మాయి మొహం చూసి ఊరుకుంటున్నాను. కానీ నా స్టేషన్లో వరండాలో బైఠాయించి, నా మనుషుల ముందు నామీద అరిచారు చూశారూ, అది మాత్రం మర్చిపోను."

"మర్చిపోకండి. ఆ చేతుల వణుకు చూశారా మీరు?"

"చూశాను. మీ ముచ్చట కూడా తీర్చాను. డాక్టర్ని పంపాను, ఈపాటికి చేరుంటాడు. సూది వేసి వణుకు ఆపుతాడు, మనిషి బాగానే ఉన్నాడని కాగితం ఇస్తాడు. నాలుగింటికి సంతకం సాఫీగా పడుతుంది. సరేనా?"

"సరే," అంది ఆవిడ. మనస్ఫూర్తిగానే అంది. పొద్దుటి నుంచి ఆవిడ సాధించినదల్లా అదొక్కటే. "మనకింకా ముప్పై నిమిషాలుంది. అమ్మాయ్, ఆ ఏడు బొమ్మలూ పక్కపక్కన పెట్టు."

టెక్నీషియను పెట్టింది. ఏడు చదరాలు. ఒక్కోదాని మధ్యలో, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో నల్లగా మెదడు ముక్క కనిపిస్తోంది. తెల్లమచ్చ లేదు. ఆ పిల్ల కళ్లు చికిలించి, తెరకి ముక్కు తగిలేంత దగ్గరికి వంగింది.

"ఇదేమిటి... మేడమ్, ఇక్కడ చూడండి. మెదడు మధ్యలో చిన్న గ్రంథి ఉంటుంది. వయసొచ్చేకొద్దీ అందులో సున్నం చేరి చుక్కలా మెరుస్తుంది. ఎవరికైనా ఒక్కటే చుక్క. ఇందులో రెండున్నాయి. పెద్దది ఒకటి, దాన్ని ఆనుకుని చిన్నది ఒకటి."

"ఏ బొమ్మలో?"

"ఏడింటిలోనూ."

"మిగతా నలభై ఒకటీ చూడు. ఈ జంట చుక్కలు ఎందులో ఉన్నాయో పక్కకి తియ్యి."

ఎనిమిది నిమిషాలు పట్టింది. అల్లుడు రెండుసార్లు టైము చూసుకున్నాడు. మూడోసారి చూసుకోబోయి, అత్తగారు తననే చూస్తోందని మానేశాడు. చివరికి తెరమీద పదహారు చదరాలు నిలిచాయి.

"ఏడుగురు కిటికీ మూసినవాళ్లు," అంది టెక్నీషియను. ఇప్పుడా పిల్ల గొంతులో ఏడుపు లేదు, కసి ఉంది. "ఈ ఎనిమిదిమందికీ తెల్లమచ్చలు వచ్చాయి మేడమ్. నేను పక్కనుండగా నా కళ్లతో చూశాను. పెద్ద మచ్చలు. పదహారోది వెల్డరు, నలభై ఎనిమిదో నంబరు."

"ఎనిమిదిమందివి చెరిపితే మచ్చలు పోతాయి. ఆ పని అర్థమైంది. మూసిన ఏడు ఎందుకు మార్చాడు?" గడియారమ్మ తనలో తాను లెక్క కట్టుకుంటున్నట్టు అడిగింది.

"వాటిలో ఉత్త మసకే ఉంటుంది. తెలియనివాళ్లకి బొమ్మలు చెడిపోయాయనిపిస్తుంది."

"అంటే బొమ్మ చూసి చదవడం వచ్చినవాడు. ప్రోబ్ చేత్తో పట్టి ఒక్క తలమీద కూడా పెట్టనివాడు. పెట్టి ఉంటే నలభై ఎనిమిదీ పూర్తి చేసేవాడు కాదు. మంగళవారం భోజనాల వేళ గది ఖాళీగా ఉంటుందనుకుని, మార్చేసి పోదామని వచ్చాడు. తీరా చూస్తే డాక్టరమ్మ ఇక్కడే ఉంది." ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "వెల్డరుకి కంప్యూటరు తెరవడం కూడా రాదు బాబూ. వణికే చేతులతో పదహారు బొమ్మలు మార్చాడా?"

అల్లుడు నవ్వాడు. మర్యాద కోసం నవ్వే నవ్వు కాదది. "చుక్కలట! మెదడు మెదడులాగే ఉంటుంది. ఎవరికి తీసినా ఇదే బొమ్మ వస్తుంది. కోర్టులో ఈ సీతాకోకచిలుకల కథ చెబితే మిమ్మల్ని చూసి నవ్వుతారు. వాళ్ల నవ్వు మీదాకా వస్తే పరవాలేదు, మా ఇంటిదాకా వస్తుంది."

"ఎవరికి తీసినా ఇదే వస్తుందా?"

"ఇదే వస్తుంది."

"అయితే మీకు తీద్దాం. ఇలాగే రెండు చుక్కలొస్తే, చుక్కలు అందరికీ ఉంటాయని ఒప్పుకుని నా లైసెన్సు మీ టేబులు మీద పెట్టేస్తాను. రాకపోతే నాలుగింటికి వాయిదా మీరే అడగాలి."

ఇన్నాళ్లుగా అల్లుడు ఎదురుచూసిన మాట అది. టోపీ హెడ్ కానిస్టేబులు చేతిలో పెట్టాడు. "హెడ్డుగారూ, విన్నారుగా? మీరే సాక్షి." బూట్లతోనే మంచమెక్కి, దిండు కొంచెం కిందికి లాక్కుని, ఎడమవైపుకి తిరిగి కుడికణత పైకి పెట్టి పడుకున్నాడు.

గడియారమ్మ ఆ పడుకోవడం చూసింది. తనకి టెక్నీషియను మూడుసార్లు చెప్పాల్సొచ్చింది, దిండు ఎక్కడుండాలో, మొహం ఎటుండాలో. ఈయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆవిడ టెక్నీషియనుకి కానివ్వమని సైగ చేసింది.

ప్రోబ్ ఆనింది. అల్లుడి కిటికీ తెరిచే ఉంది. మసక విడిపోయి సీతాకోకచిలుక తేలింది. టెక్నీషియను చెయ్యి కొంచెం పైకి వంచింది. మధ్యలో ఒక మెరుపు. దాన్ని ఆనుకుని ఇంకో చిన్న మెరుపు.

"మేడమ్..." అందా పిల్ల. తెరమీది చుక్కల్ని వేలితో చూపించింది.

"ఏమైంది? వచ్చాయా?" అల్లుడు మెడ తిప్పి తెర చూసి, గెలిచినవాడి గొంతుతో అన్నాడు. "చూశారా! నేను చెప్పలా! అందరికీ ఇంతే. తీయండి లైసెన్సు!"

"అందరికీ కాదు బాబూ. మిగతా ముప్పై రెండుమందికీ ఒక్కటే చుక్క ఉంది." గడియారమ్మ సంచిలోంచి లైసెన్సు తీసి ఆయన గుండెలమీద పెట్టింది. "అన్నమాట ప్రకారం ఇది తీసుకోండి. తర్వాత ఆ పదహారు బొమ్మలు మీ తలలోంచి ఎలా వచ్చాయో నాకు చెప్పండి. ఈ మంచమ్మీద మీరు ముందొకసారి పడుకున్నారు. ఎప్పుడు? ఎన్నింటికి?"

అల్లుడి మొహంలో రంగు దిగిపోయింది. ఆయన నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. జెల్ చెవిమీదుగా యూనిఫారం కాలరులోకి కారుతోంది, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"అయిదు నెలలైంది," అన్నాడు. "మిషను కొత్తగా వచ్చిన రోజు. ఓపెనింగుకి నన్ను పిలిచారు. ఎవరిదైనా ఆరోగ్యమైన తల కావాలి, నమూనాకి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు."

"నాకు తెలియదు మేడమ్," అంది టెక్నీషియను. "నేను చేరింది నాలుగు నెలల కిందట. అప్పటికి మిషన్లో పాత బొమ్మలేమీ లేవు. పరిశోధనకి సంబంధం లేనివి ఉంచనని డాక్టరమ్మ చెరిపేశారట."

"మరి ఎవరి దగ్గర మిగిలింది?"

అల్లుడు నేల చూశాడు.

"బాబూ, ఎవరి దగ్గర?"

"ఆ రోజు బొమ్మలు డిస్కులో ఎక్కించుకున్నది ఒక్కడే. గుర్తుగా ఉంచుకుంటానన్నాడు. నిన్న కూడా మా ఇంటికొచ్చి కేసు ఎంతదాకా వచ్చిందని అడిగి వెళ్లాడు. ఫ్యాక్టరీ డాక్టరు."

గడియారమ్మకి అన్నీ ఒక్కసారిగా కుదిరాయి. ఆఫీసు తాళంచెవి. బొమ్మలు చదవడం వచ్చి, తీయడం రాని మనిషి. కొలిమి వల్ల ఏ రోగమూ రాదని ఏళ్లతరబడి సెలవు చీటీలు నిరాకరించినవాడు. డాక్టరమ్మ బొమ్మల్లో ఒక్కో తెల్లమచ్చా అతను వెనక్కి పంపిన ఒక్కో మనిషి. అతను లోపలికి రావడం చూసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడి గొంతు ఎవరికీ వినపడదు.

అంతా బాగానే ఉంది. ఏదో ఒక్కటి మాత్రం ఆవిడని ముల్లులా గుచ్చుతోంది. ఆ ముల్లు ఎక్కడుందో తెలిసేసరికి అల్లుడి వైపు గిర్రున తిరిగింది.

"స్టేషనుకి డాక్టర్ని పంపానన్నారు," అంది. "ఏ డాక్టర్ని?"

అల్లుడు తలెత్తాడు. అత్తా అల్లుళ్లు ఎనిమిదేళ్లలో మొదటిసారి ఒకరి కళ్లలోకి ఒకరు సూటిగా చూసుకున్నారు. ఆయన ఫోను తీసి స్టేషను నంబరు నొక్కాడు. ఆవిడ చెయ్యి చాచి స్పీకరు మీట వేసింది.

"స్టేషన్ సార్," కానిస్టేబులు గొంతు హుషారుగా పలికింది.

"ఫ్యాక్టరీ డాక్టరు వచ్చాడా?"

"వచ్చి వెళ్లిపోయారు కూడా సార్! పాపం మంచాయన. రోగిని ఒంటరిగా చూడాలని మమ్మల్ని బయట నిలబెట్టి, తలుపు దగ్గరకేసుకుని తీరిగ్గా చూశారు. ఇంజెక్షను ఇచ్చారు. పొద్దున్న అత్తయ్యగారు గొడవ చేయబట్టి మంచిదే అయింది సార్, మనిషి హాయిగా పడుకున్నాడు."

గడియారమ్మ ఫోను లాక్కుంది. "సూది ఎన్నింటికి వేశాడు?"

"అమ్మా మీరా? రెండూ ఇరవై ఎనిమిదికమ్మా. మీరడుగుతారని టైము రాసిపెట్టాను."

గోడ గడియారంలో రెండూ ముప్పై ఏడు. తొమ్మిది నిమిషాలు. డాక్టరు కావాలని వరండాలో కూర్చుని అరిచింది తనే. ఇరవై ఆరేళ్లలో ఎవరిమీదా రానంత కోపం ఆవిడకి తనమీద తనకే వచ్చింది.

"తాళం తియ్యి! లోపలికెళ్లి ఊపిరి చూడు, ముందు ఊపిరి చూడు! అంబులెన్సుకి ఇంకెవరినైనా చెయ్యమను, నువ్వు మాత్రం ఆ మనిషి దగ్గరకి పో!"

అల్లుడు అప్పటికే మెట్ల మీద పరుగెత్తుతున్నాడు. ఫోన్లో తాళాల గుత్తి చప్పుడు, ఇనుప తలుపు కిర్రుమన్న చప్పుడు, ఎవరినో రెండుసార్లు పేరుపెట్టి పిలిచిన చప్పుడు వినిపించాయి.

"అమ్మా..." కానిస్టేబులు గొంతులో హుషారంతా పోయింది. "చేతులు అసలు వణకడంలేదమ్మా."